శస్త్రచికిత్స గదిలో పొదుపు: పెనుమూడి వైపు నుంచి ఒక పరిశీలన

ఆసుపత్రిలో అన్నిటికంటే ఖరీదైన గది ఆపరేషన్ థియేటర్. సర్జన్, మత్తు డాక్టర్, నర్సులు, టెక్నీషియన్, వార్డుబాయ్ అందరూ అక్కడికి ఒకే వేళకు చేరాలి. శుద్ధిచేసిన పరికరాలు, రక్తం, ఆక్సిజన్, చల్లని పరిశుభ్రమైన గాలి కూడా అదే వేళకు సిద్ధంగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగిలినవన్నీ ఊరికే ఎదురుచూస్తాయి. అలా పోయిన కాలం ఒక నష్టం. విప్పి వాడకుండానే పారేసిన సామాను, రాత్రంతా ఖాళీ గదిలో తిరిగిన ఏసీ, పైపుల్లో కారిపోయిన వాయువు మరికొన్ని నష్టాలు. ఇవన్నీ ఏదో ఒక రోజు ఆసుపత్రి లెక్కల్లో తేలుతాయి. ఏ లెక్కలోకీ రాని నష్టం మాత్రం రోగిది. ఆపరేషన్ వాయిదాపడి ఇంటికి తిరిగిపోయిన మనిషి పోగొట్టుకున్న రోజును ఎవరూ రాసిపెట్టరు.

ఆ నష్టం ఎంతటిదో పెనుమూడి నుంచి చూస్తే తెలుస్తుంది. కృష్ణ కుడిగట్టున, నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఊరు అది. అవతలి ఒడ్డున పులిగడ్డ. రెండింటి మధ్య వంతెన పడ్డాక అవనిగడ్డ వైపు దారి తెరుచుకుంది. అయినా ఈ గట్టు మీది మనిషికి ఆపరేషన్ అవసరమైతే రేపల్లె, అక్కడ కాకపోతే బాపట్ల లేదా తెనాలి, అక్కడా కాకపోతే గుంటూరు పెద్దాసుపత్రి అన్నదే వరుస. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి రేపల్లె వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా గీత ఎక్కడ పడినా రోగి ప్రయాణం తగ్గలేదు. పొలానికో పడవ మీదికో పోయే మనిషి హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడంటే వెంట ఇంకొకరు ఉంటారు. ఇద్దరి కూలీ పోతుంది. ముందురోజు రాత్రి నుంచి అతడు పరగడుపున ఉంటాడు. మధ్యాహ్నం రెండింటికి ‘ఇవాళ కుదరదు, సోమవారం రండి’ అంటే ఆ ఖర్చంతా మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. కొందరు సోమవారం రారు. హెర్నియా బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిన రోజున అర్ధరాత్రి వస్తారు. ఉదయం పూట తేలికగా అయిపోవలసిన పని అప్పుడు పేగు కోసి కుట్టవలసిన పెద్ద పని అవుతుంది. ఒక్క వాయిదా ఇంతదాకా తేగలదు. థియేటర్‌లో వృథా గురించి మాట్లాడేవారు దూదితో, చేతితొడుగులతో మొదలుపెట్టడం అలవాటు. మొదలుపెట్టవలసింది వాయిదాలతో.

వాయిదాకు కారణాలు చాలావరకు థియేటర్ బయటే పుడతాయి. బీపీ ఎక్కువగా ఉందనో, చక్కెర అదుపులో లేదనో, రక్తం తక్కువగా ఉందనో బల్ల మీదికి ఎక్కించేముందు తెలిస్తే అది థియేటర్ లోపం కాదు, అంతకు ముందు జరగవలసిన పరీక్ష జరగలేదని అర్థం. మత్తు డాక్టర్ రోగిని చూడవలసింది ఆపరేషన్ రోజు ఉదయం కాదు, తేదీ ఇచ్చే రోజునే. అప్పుడు చక్కెర అదుపులోకి తెచ్చుకోవడానికి, రక్తం ఏర్పాటు చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మత్తు డాక్టర్ల కొరత ఉన్న చిన్న పట్టణంలో వారానికి ఒక పూట ఈ పరీక్షకే కేటాయించడం కష్టమనిపిస్తుంది. కానీ ఆ పూట ఇవ్వనందుకు అదే డాక్టర్ వారంలో అంతకంటే ఎక్కువ గంటలు ఖాళీ థియేటర్‌లో కూర్చోవలసి వస్తుంది.

ఆపరేషన్ల జాబితాలో పేర్లతోపాటు వేళలు కూడా ఉండాలి. పేర్లు మాత్రమే ఉంటే అందరినీ రాత్రి నుంచి కడుపు మాడ్చి ఉంచుతారు. మత్తు వైద్య నియమాల ప్రకారం తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపితే సరిపోతుంది. ఒంటిగంటకు ఆపరేషన్ ఉన్న ముసలామె పదిన్నర దాకా నీళ్లు తాగవచ్చు. వేళ రాయని జాబితా ఆమెకు ఆ గుక్కెడు నీళ్లు కూడా లేకుండా చేస్తుంది. నీరసించిన మనిషికి సెలైన్ ఎక్కించడానికి నరం దొరకక నర్సు మరో పావుగంట ప్రయత్నిస్తుంది. ఒక పనిలో క్రమం తప్పితే దాని నష్టం పక్క పనిలో తేలడం థియేటర్‌లో రోజూ కనిపించే సంగతి.

‘తొమ్మిదింటికి మొదలు’ అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. వార్డు నర్సుకు అది రోగిని కిందికి పంపే వేళ. మత్తు డాక్టర్‌కు సూది ఇచ్చే వేళ. సర్జన్‌కు చేతులు కడుక్కోవడానికి వచ్చే వేళ. ముగ్గురూ చెప్పిన మాట నిలబెట్టుకున్నా కత్తి పడేసరికి పది అవుతుంది. అందుకే ఏ ఆసుపత్రి అయినా ముందు తేల్చుకోవలసింది తొమ్మిదింటికి ఏం జరిగి ఉండాలన్నదే. మొదటి ఆపరేషన్ ఆలస్యమైతే ఆ రోజు జాబితా మొత్తం వెనక్కి జరుగుతుంది, చివరి పేరు ఎగిరిపోతుంది. ఆ చివరి పేరు తరచూ చాలా దూరం నుంచి వచ్చినవారిదే, తమ కోసం గట్టిగా అడిగేవారు లేనివారిదే.

ఒక రోగిని బయటికి తెచ్చి మరొకరిని లోపలికి తీసుకుపోయే మధ్యకాలం ఇంకో చిక్కు. ఈ కాలాన్ని పరుగులతో తగ్గించలేరు, తగ్గించకూడదు కూడా. ఒకదాని తర్వాత ఒకటి చేస్తున్న పనుల్లో పక్కపక్కనే చేయగలిగినవి ఏవో చూసుకోవాలి. గది తుడుస్తున్నప్పుడే తర్వాతి రోగికి పక్కగదిలో సెలైన్ పెట్టవచ్చు, ఒప్పంద పత్రం చూడవచ్చు, పేరూ ఆపరేషన్ వైపూ సరిచూసుకోవచ్చు. వందేళ్ల కిందట ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే అమెరికా ఇంజనీరు సర్జన్ల చేతి కదలికలను ఫిలిం తీసి పరిశీలించాడు. పరికరాలను సర్జన్ తానే వెతుక్కోవడంలో ఎంత కాలం పోతున్నదో చూపించాడు. సర్జన్ అడగ్గానే నర్సు పరికరాన్ని చేతిలో పెట్టే పద్ధతి స్థిరపడటంలో ఆయన పరిశీలనకు వాటా ఉంది. ఇప్పుడు అది అనాదిగా ఉన్న ఆచారంలా కనిపిస్తుంది.

ఈ విషయంలో ప్రపంచం పాఠంగా చదువుకుంటున్న ఉదాహరణ దక్షిణ భారతంలోనే ఉంది. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. శుక్లాల ఆపరేషన్‌ను అక్కడ నడిపే తీరు చూడటానికి చాలా సాదా. ఒక సర్జన్‌కు పక్కపక్కన రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగా రెండో బల్ల మీది రోగిని నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిది అయిపోగానే మైక్రోస్కోపు అటు తిరుగుతుంది. సర్జన్ చేసేది సర్జన్ మాత్రమే చేయగల పని. మిగిలినదంతా పల్లెల నుంచి వచ్చి రెండేళ్ల శిక్షణ పొందిన అమ్మాయిల చేతుల్లో ఉంటుంది. ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ అమ్మాయిలే. రెండు బల్లలు ఎవరైనా వేసుకోవచ్చు. ఒకే పనిని వేలసార్లు చేసి చేయి తిరిగిన సిబ్బందిని తయారు చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది, వారిని నిలుపుకోవడానికి గౌరవం కావాలి. అరవింద్ వారు 1992లో స్థాపించిన అరోల్యాబ్, కంటిలో అమర్చే కటకాన్ని దిగుమతి ధరలో చిన్న వంతుకే తయారుచేసి ఆ పనికి మరింత ఊతమిచ్చింది.

ఈ పద్ధతి పర్యావరణానికి ఎంత మేలు చేస్తుందో 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అరవింద్‌లో ఫేకో పద్ధతిలో చేసిన ఒక్కో శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన చెత్త సుమారు 250 గ్రాములు, అందులో మూడింట రెండు వంతులు తిరిగి వాడకానికి పోతోంది. ఆ ఆపరేషన్ వల్ల వెలువడే కర్బన భారం సుమారు 6 కిలోలు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో అదే ఆపరేషన్‌కు అంతకుముందు కట్టిన లెక్క 180 కిలోల పైచిలుకు. అంటే ఇక్కడి భారం అక్కడి దానిలో ముప్పయ్యో వంతుకు దగ్గర. ఇంత తక్కువతో చేస్తే ప్రమాదం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికీ అంకెల్లో జవాబుంది. అరవింద్ ఆసుపత్రుల్లో వరసగా జరిగిన 20 లక్షల శుక్లాల ఆపరేషన్లను పరిశీలిస్తే, కంటిలోపల మాక్సిఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వని రోజుల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ 0.07 శాతం, ఇచ్చిన తర్వాత 0.02 శాతం. సంపన్న దేశాల ఆసుపత్రులు కూడా ఈ అంకెను చూసి సంతోషిస్తాయి. ఒక్కో రోగికి ఒక్కో చుక్కల మందు సీసా విప్పి, మిగిలింది పారబోసే అమెరికా పద్ధతిలో సగటున 45 శాతం మందు వృథాగా పోతున్నదని 2019లో మరో అధ్యయనం తేల్చింది. ఆ పారబోత వల్ల రోగికి అదనపు రక్షణ ఏమీ దక్కడం లేదన్నది ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తేలే విషయం.

తెలుగునేల మీద ఇదే దారిలో నడిచినది ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాలో పనిచేసి తిరిగివచ్చి, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, ధనం ఆసరాగా 1980ల చివర్లో హైదరాబాద్‌లో దీన్ని నిలబెట్టారు. ఈ సంస్థ చేసిన గొప్ప పని థియేటర్ గోడల బయటే ఉంది. సుమారు 50 వేల జనానికి ఒక దృష్టి కేంద్రం, 5 లక్షల జనానికి ఆపరేషన్ చేయగల ద్వితీయ స్థాయి కేంద్రం, ఆపైన పెద్ద ఆసుపత్రి. ఊళ్లోనే కన్ను చూసి, ఆపరేషన్ అవసరమైనవారిని మాత్రమే పైకి పంపితే థియేటర్‌కు చేరేది సిద్ధమైన రోగి. పెద్ద ఆసుపత్రి థియేటర్ పెద్ద పనికే మిగులుతుంది. రేపల్లెకు చేరువలోనే, చెరుకుపల్లి మండలం గూడవల్లిలో ఆ సంస్థ ద్వితీయ స్థాయి కేంద్రం ఒకటి ఉంది. థియేటర్‌ను పొదుపుగా నడపడమెలాగో తెలుసుకోవడానికి ఈ ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రి సిబ్బంది సముద్రాలు దాటనక్కరలేదు.

శుక్లాల ఆపరేషన్ చిన్నది, ఒకే తీరున సాగేది, కాబట్టి దాన్ని అలా నడపడం సాధ్యమైందన్న అభ్యంతరం ఉంది. అందులో నిజముంది. కాన్పు ఆపరేషన్, పేగు ఆపరేషన్, విరిగిన తొడ ఎముక ఒకే వరుసలో వచ్చే సాధారణ థియేటర్‌కు ఆ నమూనా యథాతథంగా సరిపడదు. అయితే దానిలోని సూత్రం సరిపడుతుంది: అరుదైన నైపుణ్యం ఉన్న మనిషిని ఎదురుచూడనివ్వకూడదు, ఆ నైపుణ్యం అక్కరలేని పనిని శిక్షణ ఇచ్చి మరొకరికి అప్పగించాలి.

ఇక సామాను సంగతి. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పరికరాల ట్రేలను లెక్కపెట్టి 2014లో ప్రచురించారు. విప్పిన పరికరాల్లో నిజంగా వాడినవి విభాగాన్ని బట్టి 13 నుంచి 22 శాతమే. మిగిలిన వాటన్నిటినీ వాడకపోయినా మళ్లీ కడగాలి, లెక్కపెట్టాలి, ప్యాక్ చేయాలి, ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ప్రతిసారీ నీళ్లు, కరెంటు, మనిషి కాలం ఖర్చు. తెనాలిలోనైనా బాపట్లలోనైనా హెర్నియా ట్రేలో ఏముందో, ఎవరు ఎప్పుడు చేర్చారో అడిగితే ‘ఎప్పటినుంచో అలాగే ఉంది’ అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. సర్జన్, థియేటర్ నర్సు ఒక పూట కూర్చుని వాడనివాటిని తీసి, అవసరపడితే విప్పుకునేలా విడిగా ప్యాక్ చేసి పెడితే చాలు. దీనికి కొత్త బడ్జెట్ అక్కరలేదు.

దీనికి తోడు ఇక్కడి ప్రైవేటు వైద్యంలో ఇంకో అలవాటు ఉంది. చాలాచోట్ల రోగి బంధువు చేతికి చీటీ ఇచ్చి దారాలు, చేతితొడుగులు, మందులు షాపు నుంచి తెప్పిస్తారు. ఎందుకైనా మంచిదని రాసినవాటిలో కొన్ని వాడకుండా మిగులుతాయి. మిగిలినవి తిరిగి ఇచ్చే పద్ధతి లేకపోతే ఆ ఖర్చు బంధువు అప్పు మీద పడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. అక్కడ వృథా చేసిన ప్రతి వస్తువు ఖరీదూ ఆసుపత్రి జేబులోంచే పోతుంది. పొదుపు తనదే అయినప్పుడు ఆసుపత్రి పొదుపు నేర్చుకుంటుంది. నాసిరకం వస్తువులు కొనడాన్ని కూడా పొదుపుగా చూపే ప్రమాదం ఇక్కడే ఉంటుంది కాబట్టి కొన్న సరుకు నాణ్యత మీద తనిఖీ తప్పదు.

ఆకుపచ్చ బట్ట గౌన్లు, బట్ట దుప్పట్లు ఉతికి, ఆటోక్లేవ్ డ్రమ్ములో శుద్ధిచేసి వాడటం ఈ ప్రాంత ఆసుపత్రులకు పాత అలవాటు. వాడి పారేసే గౌను వచ్చాక బట్టది వెనకబాటుతనానికి గుర్తుగా కనబడటం మొదలైంది. ఆ అభిప్రాయం మార్చుకోవలసిందే. తిరిగి వాడే గౌన్ల వల్ల కర్బన భారం దాదాపు మూడింట రెండు వంతులు, ఘన వ్యర్థం ఎనభై శాతానికి పైగా తగ్గుతుందని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెబుతోంది. తడి లోపలికి దిగని దగ్గరి నేత బట్ట కావాలి, చిరిగినదాన్ని, పలచబడినదాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. రక్తం ఎక్కువగా పోయే ఆపరేషన్లకు, సోకే జబ్బులున్న రోగులకు వాడి పారేసేవే మేలు. మిగిలినవాటికి బట్ట చాలు. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన ఈ తీరంలో బట్టకు ఇంకో విలువ ఉంది. తుఫానుకు దారులు మూసుకుపోయి సరుకు లారీ రాకపోయినా బీరువాలో గౌన్లు ఉంటే కాన్పు ఆపరేషన్ ఆగదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పారేసే గౌన్ల కొరత ఎంత ఇబ్బంది పెట్టిందో ఆసుపత్రులన్నిటికీ గుర్తుండే ఉంటుంది.

చెత్తను వేరుచేయడంలో చట్టం స్పష్టంగానే ఉంది. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, గుడ్డలు, కోసి తీసిన అవయవ భాగాలు పసుపు సంచిలోకి, గొట్టాలు, సీసాల వంటి ప్లాస్టిక్, చేతితొడుగులు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బాలోకి, గాజు, లోహపు ఇంప్లాంట్లు నీలం డబ్బాలోకి పోవాలి. 48 గంటలకు మించి వాటిని నిల్వ ఉంచకూడదు. పసుపు సంచిలోది చాలావరకు కాల్చివేతకు పోతుంది. రోగి లోపలికి రాకముందే విప్పిన అట్టపెట్టెలు, కాగితపు తొడుగులు శుభ్రమైన చెత్త. వాటిని బద్ధకించి పసుపులో పడేస్తే కాల్చే ఖర్చూ, పొగా రెండూ పెరుగుతాయి. రోగిని బల్ల మీదికి తెచ్చేముందే ఆ కాగితాల సంచి కట్టి బయటపెట్టడం చిన్న అలవాటే, ఫలితం మాత్రం పెద్దది.

కరెంటు విషయానికి వస్తే, అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో మూడు పెద్ద ఆసుపత్రులను పరిశీలించిన 2017 నాటి లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ వ్యాసం, థియేటర్ తన వైశాల్యానికి మిగతా ఆసుపత్రి కంటే మూడు నుంచి ఆరు రెట్లు శక్తి వాడుతుందని, అందులో తొంభై శాతానికి పైగా గాలిని శుభ్రపరచి చల్లబరచడానికే పోతుందని తేల్చింది. ఉక్క ఎక్కువైన కృష్ణా డెల్టాలో గాలిలోని తేమ తీయడం మరీ భారం. గంటకు 20 సార్లు గాలి మారాలన్న ప్రమాణం ఆపరేషన్ జరుగుతున్న వేళకు. గది ఖాళీగా ఉన్న రాత్రి ఒత్తిడి నిలబడేంత వరకు తగ్గించి నడపవచ్చు. మత్తు వాయువుల్లో డెస్‌ఫ్లూరేన్ భూతాపం పెంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 2,500 రెట్లు బలమైనది. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి దాన్ని దాదాపు నిషేధించింది. రేపల్లె, తెనాలి వంటి చోట్ల కాన్పు, హెర్నియా, గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా వెన్నులో ఇచ్చే మత్తుతోనే జరుగుతాయి కనుక ఈ పాపం ఇక్కడ తక్కువ. చూసుకోవలసింది నైట్రస్ ఆక్సైడ్ పైపుల లీకులను. అసలు వాడకమే తక్కువగా ఉన్న చోట కేంద్ర పైపులైను మూసి, యంత్రం పక్కనే చిన్న నీలి సిలిండర్ పెట్టుకుంటే చాలు.

వేగానికి హద్దు ఎక్కడో కూడా చెప్పుకోవాలి. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కొద్ది గంటల్లో 83 మందికి చేసిన శిబిరంలో 13 మంది ప్రాణాలు పోయాయి. ఇలాంటి శిబిరాలకూ అరవింద్‌కూ తేడా అంకెలో లేదు. అరవింద్‌లో ప్రతి అడుగుకూ శిక్షణ పొందిన మనిషి, శుద్ధిచేసిన పరికరం, ప్రతి ఇన్‌ఫెక్షన్‌నూ రాసిపెట్టే లెక్క ఉన్నాయి. శిబిరంలో చేరుకోవలసిన లక్ష్యం ఒక్కటే ఉంటుంది. ఆటోక్లేవ్‌కు ఇవ్వవలసిన నిమిషాలు ఇవ్వకుండా మిగిల్చిన కాలం పొదుపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన భద్రతా జాబితాను గట్టిగా చదవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. థియేటర్‌లో ఇంతకంటే బాగా ఖర్చుపెట్టిన నిమిషాలు లేవు.

అన్నిటికంటే పెద్ద వృథా అక్కరలేని ఆపరేషన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం ఆపరేషన్‌తో జరిగాయి. దేశం సగటు 21.5 శాతం. 2015–16 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతానికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం సగటుకు అది దాదాపు మూడు రెట్లు. వీటిలో కొన్ని ప్రాణం నిలిపినవే. కానీ ఇంత తేడాకు రోగం ఒక్కటే కారణమంటే నమ్మలేం. థియేటర్ ఎంత చక్కగా నడిచినా, అక్కరలేని కోత కోస్తే ఆ చక్కదనమంతా నష్టానికే పనికివస్తుంది. కనుక ఆపరేషన్ల సంఖ్యను మాత్రమే సమర్థతకు కొలతగా తీసుకోకూడదు. ఎందుకు చేశారు, ఎలా కోలుకున్నారు అన్న రెండు గడులు పక్కన లేకుండా ఆ సంఖ్యకు విలువ లేదు.

పని మొదలుపెట్టడానికి కావలసింది ఒక రిజిస్టర్. అనుకున్న వేళ, కత్తి పడిన వేళ, రోగి బయటికి వచ్చిన వేళ, వాయిదా పడితే కారణం, నెలలోపు ఇన్‌ఫెక్షన్ వచ్చిందా లేదా. ఇంతకు మించి రాయనక్కరలేదు. రాసిన నర్సును తప్పుపట్టకుండా ఉంటేనే అందులో నిజం ఉంటుంది. మూడు నెలలు నిజాయితీగా రాస్తే ఏ ఆసుపత్రికి ఏది లోపమో ఆ పేజీలే చెబుతాయి: ఒకచోట రక్తం, ఒకచోట మత్తు డాక్టర్, మరోచోట ఒకే ఒక్క ఆటోక్లేవ్. రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రభుత్వ ఆసుపత్రుల అభివృద్ధి సంఘాలు తమ ప్రతి సమావేశంలోనూ ఆ నెలలో ఎన్ని ఆపరేషన్లు వాయిదా పడ్డాయో, ఎందుకు పడ్డాయో మొదటి అంశంగా చర్చించి, ఆ వివరాలను ఓపీ గోడ మీద అందరికీ కనిపించేలా అంటించాలి.